ఎర్ర ప్యాడ్ ఎందుకు పలకలేదు: ఒక పాత గేమ్ డ్రమ్ సెట్ మరమ్మతు, పూర్తి కేస్ స్టడీ

ఎర్ర ప్యాడ్ మీద నూరు దెబ్బలు కొడితే కంప్యూటర్ లెక్కలో పడినవి 71. అదే ప్యాడ్ అంచున కొడితే 38. పెడల్‌ను 50 సార్లు తొక్కితే లెక్క 63 చూపించింది. ఈ మూడు అంకెలతో మొదలైన పని ముగియడానికి రెండు వారాంతాలు పట్టింది. మొదటి వారాంతంలో నేను చేసిన మరమ్మతు సగమే సరైనది. మిగతా సగం ఎలా బయటపడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇలాంటి సెట్లను ఇంట్లో బాగుచేసుకునేవాళ్లు చాలామంది ఆ మొదటి సగం దగ్గరే ఆగిపోతారు. కొన్నాళ్లకు అదే ప్యాడ్ మళ్లీ పాడైతే వస్తువునే తప్పుపడతారు.

నేను టెక్సస్‌లో, డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా సాయంత్రాలూ సెలవు రోజులూ గ్యారేజీలో ఒక బల్ల వేసుకుని పాత గేమ్ కంట్రోలర్లు బాగుచేస్తున్నాను. ఈ డ్రమ్ సెట్ మా వీధి చివర ఉండే తెలుగు కుటుంబానిది. వాళ్ల అమ్మాయి కాలేజీలో రెండో సంవత్సరం పూర్తిచేసి వేసవి సెలవులకు వచ్చింది. అన్నయ్య చిన్నప్పుడు వాయించిన సెట్టును గ్యారేజీ అటక మీద నుంచి దించి వాయించడం మొదలుపెట్టింది.

"అంకుల్, ఎర్ర ప్యాడ్ ఒక్కోసారి పలుకుతుంది, ఒక్కోసారి పలకదు. ఎర్రది కొడితే పసుపు కూడా తనంతట తనే పడుతుంది. లోపల సెన్సర్లన్నీ మార్చేస్తారా?" అని అడిగింది.

వాళ్ల నాన్నగారు, "మీకు వీలైతే చూడండి. కాదంటే పారేస్తాం, మొహమాటపడకండి," అన్నారు.

పారేయవద్దని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాను. 2007 నవంబర్‌లో అమెరికాలో రాక్ బ్యాండ్ అనే సంగీత వీడియో గేమ్ విడుదలైనప్పుడు నాలుగు రంగుల ప్యాడ్లు, కాలి కింద ఒక పెడల్ ఉన్న ఈ తరహా సెట్లు ఇళ్లలోకి వచ్చాయి. మరుసటి ఏడాది అక్టోబర్‌లో వచ్చిన గిటార్ హీరో వరల్డ్ టూర్ అనే గేమ్ మూడు ప్యాడ్లకు తోడు రెండు తాళాలను ఎత్తుగా అమర్చింది. రెండు మూడేళ్లు జోరుగా సాగి ఆ గాలి తగ్గిపోయింది. 2015లో వచ్చిన రాక్ బ్యాండ్ 4కు కొత్త పాటలు చేర్చడం కూడా 2024 జనవరిలో ఆగిపోయింది. అయినా పాత సెట్లను కంప్యూటర్‌కు తగిలించి, క్లోన్ హీరో లాంటి ఉచిత గేముల్లో వాయించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్నవి పదిహేనేళ్లు పైబడిన వస్తువులు. వాటి లోపలి ప్లాస్టిక్ చాలావరకు గట్టిగానే ఉంటుంది. ముందుగా ముసలితనం వచ్చేది ఫోమ్‌కూ, జిగురుకూ, టంకానికీ.

విప్పకముందు

డ్రమ్ సెట్ సరిగ్గా పలకడం లేదని ఎవరైనా అంటే అందులో రెండు వేరు వేరు సంగతులు ఉండవచ్చు. దెబ్బ ప్యాడ్‌కు అందకపోవడం ఒకటి. అందినా, టీవీ బొమ్మ ఆలస్యంగా చూపడం వల్ల గేమ్ లెక్కలో తప్పు సమయానికి పడటం రెండోది. ఆడేవాళ్లకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొట్టాను, పడలేదు, అంతే. అందుకే గేమ్‌లో చూసి ప్యాడ్ మీద తీర్పు చెప్పను. ఈ సెట్ ప్లేస్టేషన్ 3 అనే గేమ్ కన్సోల్ కోసం చేసింది, యూఎస్‌బీ వైరుతో పనిచేస్తుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే మామూలు గేమ్ కంట్రోలర్‌గానే కనిపిస్తుంది, ఒక్కో ప్యాడ్ ఒక్కో బటన్‌గా నమోదవుతుంది. ఏ బటన్ ఎన్నిసార్లు నొక్కబడిందో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసి పెట్టుకున్నాను. టీవీ, పాట, స్కోరు ఏవీ లేకుండా దెబ్బ, లెక్క మాత్రమే మిగులుతాయి.

ఆ దెబ్బలు కొట్టే పద్ధతి నాకు చిన్నప్పటి మృదంగం పాఠాల నుంచి వచ్చింది. నోటితో "తకధిమి" అంటూ కొడతాను. ఇరవై ఐదు తకధిములైతే సరిగ్గా నూరు దెబ్బలు. దరువు లెక్క చెప్పే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60కి పెట్టి, దరువుకొక తకధిమి చొప్పున కొడితే దెబ్బకూ దెబ్బకూ మధ్య 250 మిల్లీసెకన్లు వస్తుంది. 120కి పెంచితే 125 మిల్లీసెకన్లు. నెమ్మది, వేగం రెండూ చూడాలి. ప్రతి దెబ్బ తర్వాత సెట్ లోపలి సర్క్యూట్ బోర్డు కొన్ని మిల్లీసెకన్లపాటు చెవులు మూసుకుంటుంది, లేకపోతే ప్యాడ్‌లో మిగిలిన అదురు కూడా ఇంకో దెబ్బగా లెక్కకు వస్తుంది. నెమ్మదిగా కొట్టినప్పుడు పలికి, వేగంలో తప్పితే అనుమానించాల్సిన చోటు వేరు. ఈ ఎర్ర ప్యాడ్ నెమ్మదిలోనే తప్పుతోంది.

మిగతా ప్యాడ్ల లెక్క ఇలా వచ్చింది. పసుపు 97, నీలం 98, ఆకుపచ్చ 94. ఎర్ర ప్యాడ్‌ను గట్టిగా నూరుసార్లు కొట్టినప్పుడు పసుపు ప్యాడ్ తొమ్మిదిసార్లు తనంతట తానే పడింది. ఈ పక్కదెబ్బల అంకెను ఒక కాగితం మీద రాసి బల్ల ముందు అంటించాను. ఆ కాగితం తర్వాత బాగా అక్కరకొచ్చింది.

బిళ్ల

ప్యాడ్ విప్పితే లోపల ఉన్నది చాలా సాదా అమరిక. పైన రబ్బరు, దాని కింద గట్టి ప్లాస్టిక్ పలక, పలక అడుగున అంటించిన రూపాయి బిళ్లంత ఇత్తడి బిళ్ల, దాని నుంచి రెండు సన్నటి తీగలు. ఇత్తడి మీద తెల్లటి సెరామిక్ పొర, దానిమీద వెండిపూత ఉంటాయి. ఇదే పైజో బిళ్ల. సెరామిక్‌ను వంచినా నొక్కినా దానిలో విద్యుత్తు పుడుతుంది. వంటింట్లో గ్యాస్ పొయ్యి లైటర్ నొక్కగానే టక్కుమని వచ్చే నిప్పురవ్వ కూడా ఈ గుణం వల్లనే. ప్యాడ్ మీద పుల్ల పడగానే పలక అదురుతుంది, ఆ అదురుకు బిళ్ల వంగుతుంది, తీగల్లో క్షణకాలం వోల్టేజ్ లేస్తుంది. అది ఒక హద్దు దాటితే బోర్డు దాన్ని దెబ్బగా తీసుకుంటుంది.

బిళ్ల బాగుందో లేదో చూడటానికి చాలామంది మల్టీమీటర్‌ను వోల్టులకు పెట్టి వేలితో తట్టి చూస్తారు. అంకె కదిలితే బాగుందంటారు. ఆ పరీక్ష నాకు చాలదు, సగం చచ్చిన బిళ్ల కూడా అంకెను కదిలిస్తుంది. కెపాసిటెన్స్, అంటే బిళ్ల ఎంత విద్యుదావేశాన్ని పట్టి ఉంచగలదో, కొలవడం మేలు. తీగలను బోర్డు నుంచి విడదీసి కొలవాలి, లేకపోతే బోర్డు మీది భాగాలు కూడా కొలతలో కలిసిపోతాయి. 27 మిల్లీమీటర్ల మంచి బిళ్ల సుమారు 20 నానోఫారడ్లు చూపుతుంది. ఈ సెట్‌లో పసుపు 21, ఆకుపచ్చ 20, నీలం 17. ఎర్రది 9.

భూతద్దం పెట్టి టేబుల్ లైటు వాలుగా వేసి చూశాను. వెండిపూత మీద అంచు నుంచి అంచుకు వెంట్రుకంత గీత ఉంది. నిటారు వెలుతురులో కనబడదు, బిళ్లను కాస్త తిప్పితేనే మెరుస్తుంది. ఆ గీతకు ఒక పక్కన టంకం, తీగ ఉన్నాయి. రెండో పక్క భాగానికి తీగతో సంబంధమే తెగిపోయింది. కెపాసిటెన్స్ సగానికన్నా తగ్గింది అందుకే. బిళ్ల సగం వినడం మానేసింది.

కొత్త బిళ్లలు పది ఉన్న ప్యాకెట్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించాను. వాడేముందు పదీ కొలిచాను. రెండు 6 నానోఫారడ్లే చూపించాయి, వాటిని పక్కన పెట్టేశాను. ఇంత చవక భాగాలను కొలవకుండా అతికించకూడదు. అతికించాక అనుమానం వస్తే ఊడదీయడంలోనే మంచి బిళ్ల కూడా పగులుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ వీధిలో కొంటే, మీటర్ వెంట తీసుకెళ్లి దుకాణంలోనే కొలిచి తీసుకోవడం మంచిది.

టంకం గురించి ఒక్క మాట. సెరామిక్ మీది వెండిపూత చాలా పలచన. టంకపు కడ్డీని ఒకటి రెండు సెకన్లకు మించి ఆనిస్తే పూత కరిగి టంకంలో కలిసిపోతుంది, ఆ చోట ఇక తీగ అంటదు. ముందుగా తీగ కొసకు టంకం పూసుకుని, బిళ్ల మీద చిన్న చుక్క పెట్టి, రెంటినీ కలిపి ఒక్క తాకుడుతో ముగించాలి. మొదటిసారి చేసేవాళ్లు తీగలు ముందే అంటించి ఉన్న బిళ్లలు కొనుక్కుంటే ఈ బాధ తప్పుతుంది. పాత బిళ్లకు ఏ తీగ సెరామిక్‌కు, ఏది ఇత్తడికి ఉందో ఫొటో తీసుకుని కొత్తదానికి అలాగే కలపాలి. కలిపాక తీగ మొదట్లో ఒక చుక్క సిలికాన్ పెడతాను. దెబ్బ దెబ్బకూ తీగ ఊగుతుంది, ఆ ఊపు టంకం మీద పడకూడదు.

పాత బిళ్లను గ్లూ గన్ జిగురుతో అంటించి ఉన్నారు. అది ఎవరో మునుపు చేసిన మరమ్మతులా ఉంది. టెక్సస్ వేసవిలో మూసి ఉన్న గ్యారేజీ 40 డిగ్రీలు దాటుతుంది, అటక మీద ఇంకా ఎక్కువ. ఆ వేడికి ఈ జిగురు మెత్తబడి, చలికాలంలో బిగుసుకుని, కొన్నేళ్లకు పలకను వదిలేస్తుంది. వదిలిన చోట అదురు బిళ్లకు చేరదు. నేను రెండు గొట్టాల ఎపాక్సీని పలచగా పూసి ఇత్తడి వైపు పలకకు ఆనించాను. మీద బరువు పెట్టలేదు, వేలితో మెల్లగా అద్ది రాత్రంతా వదిలేశాను.

ఆదివారం పొద్దున లెక్క చూస్తే ఎర్ర ప్యాడ్ మధ్యలో 99. అంచున 61. అంచు సంగతి ఇంకొంచెం చూడాలనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే 99 చూడగానే పని అయిపోయిందని మనసు సర్దుకుంది. అమ్మాయికి ఫోను చేసి సాయంత్రం వచ్చి తీసుకెళ్లమన్నాను.

తనొచ్చేలోగా గోడమీది కాగితం చూసి పక్కదెబ్బల పరీక్ష మళ్లీ చేశాను. ఎర్రది కొట్టినప్పుడు పసుపు పడటం తొమ్మిది నుంచి ఎనిమిది అయింది, అంటే ఏమీ మారలేదు. ఈసారి తిరగేసి పసుపు ప్యాడ్ మీద నూరు కొట్టాను. ఎర్రది పద్నాలుగుసార్లు పడింది. మొదటి రోజు ఇదే పరీక్షలో ఎర్రది ఒక్కసారి కూడా పడలేదు. చెవుడు పోయిన చెవికి పక్కింటి మాటలు కూడా వినబడుతున్నాయి.

"ఇంకో వారం ఉంచుతానమ్మా," అన్నాను తను రాగానే.

"ఇప్పుడు బాగానే పలుకుతోంది కదా అంకుల్?"

"పలుకుతోంది. ఆ బిళ్ల ఎందుకు పగిలిందో మాత్రం నాకు ఇంకా తెలియలేదు."

పసుపు గీత

నా దగ్గరకు వచ్చిన కంట్రోలర్లలో పైజో బిళ్ల ఊరికే నడిమికి పగలడం అరుదు. దాన్ని ఏదో వంచి ఉండాలి. ఈ ఆలోచన మొదటి వారంలోనే రావలసింది. మీటర్ మీద 9 కనబడగానే తప్పు దొరికిందనుకుని అక్కడే ఆగిపోయాను.

ప్యాడ్‌ను మళ్లీ విప్పి, ఈసారి బిళ్లను కాకుండా పలక దేనిమీద కూర్చుందో చూశాను. పలక చుట్టూ అంచు వెంట ఫోమ్ పట్టీలు, ఆ పట్టీల కింద గిన్నెలాంటి ప్లాస్టిక్ అడుగు, అడుగున బలం కోసం నిలువుగా లేచిన ప్లాస్టిక్ గట్లు ఉన్నాయి. దెబ్బ పడినప్పుడు పలక ఫోమ్ మీద తేలుతూ అదరాలి, గట్లను తాకకూడదు. తక్కువ దెబ్బలు తిన్న ఆకుపచ్చ ప్యాడ్ కింద ఫోమ్ దాదాపు 5.5 మిల్లీమీటర్ల మందం ఉంది. ఎర్ర ప్యాడ్ కింద 2. వేలితో రుద్దితే ఎండిన పిండిలా రాలి, చేతికి జిగటగా అంటుకుంది. మెత్తటి పాలీయురేథేన్ ఫోమ్ గాలిలోని తేమకూ వేడికీ ఏళ్ల తరబడి లోనైతే అచ్చంగా ఇలాగే అవుతుంది. ఎవరూ కొట్టకుండా పెట్టెలో దాచి ఉంచినా అవుతుంది.

పలక గట్టును తాకుతోందా అన్నది కంటితో చూసి తేల్చలేం, మూత బిగించాక లోపల ఏం జరుగుతోందో కనబడదు. వంటింట్లోంచి చిటికెడు పసుపు తెచ్చి, గట్టు అంచుల మీద కుంచెతో అద్దాను. మూత బిగించి, ఐదు తకధిములు, అంటే ఇరవై దెబ్బలు గట్టిగా కొట్టి విప్పాను. నల్లటి పలక అడుగున ఒక సన్నటి పసుపు గీత తేలింది. అది బిళ్ల అంచును ఆనుకుని, రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉంది.

గట్టి దెబ్బ పడ్డ ప్రతిసారీ పలక కిందికి దిగి, ఆ గట్టు మీద ఆనుకుని, అక్కడ మడత పడినట్టు వంగుతోంది. దాని పక్కనే ఉన్న సెరామిక్ ఆ వంపును ఎన్ని వేలసార్లు భరించిందో. చివరికి పగిలింది. కొత్త బిళ్ల పెట్టి ఇచ్చేసి ఉంటే అదే గట్టు దాన్ని కూడా పగలగొట్టేది. ఎంత కాలానికి అన్నదే తేడా.

మిగతా రెండు లక్షణాలకు మూలం కూడా ఇదే. పలక గట్టును తాకితే దెబ్బ నేరుగా సెట్ చట్రంలోకి దిగుతుంది, చట్రం పొడవునా పాకి పక్క ప్యాడ్ బిళ్లను కదిలిస్తుంది. పసుపు ప్యాడ్ తనంతట తానే పడింది అందుకే. అంచున కొట్టినప్పుడు బలమంతా నలిగిన ఫోమ్ మీదుగా చట్రంలోకి పోయి, బిళ్లకు మిగిలేది తక్కువ. అంచు లెక్క కొత్త బిళ్లతో కూడా 61 దాటకపోవడానికి కారణం అదే. ఇలాంటి పక్కదెబ్బలకు బిళ్ల తీగల మధ్య రెసిస్టర్ వేసి చురుకుదనం తగ్గించమని చెప్పేవాళ్లున్నారు. పక్కదెబ్బలు తగ్గేమాట నిజమే. అంచు దెబ్బలు కూడా వాటితోపాటే పోతాయి. పైగా పలక గట్టు మీద కూర్చునే ఉంటుంది. నేను ఒప్పుకోను.

ఫోమ్ ఎంపికలో కాస్త సమయం పట్టింది. తలుపుల సందుల్లో గాలి రాకుండా అంటించే పట్టీలు హార్డ్‌వేర్ దుకాణంలో రెండు రకాలుగా దొరుకుతాయి. స్పాంజిలా తెరుచుకున్న గదులుండేది చవక, మెత్తన, కానీ త్వరగా నలిగిపోతుంది. మూసుకున్న గదులుండే ఈపీడీఎం రబ్బరు ఫోమ్ ఎండకూ తేమకూ బాగా ఆగుతుంది, నొక్కి వదిలితే మళ్లీ లేస్తుంది. రెండోదే తీసుకున్నాను. ముందు 10 మిల్లీమీటర్ల మందం ప్రయత్నిస్తే మూత బిగించడానికి నొక్కాల్సి వచ్చింది. అలా నొక్కులో ఉన్న పలక స్వేచ్ఛగా అదరదు, పుల్ల కూడా తిరిగి లేవకుండా మట్టిలో దిగినట్టు ఆగిపోయింది. 6 మిల్లీమీటర్లది సరిపోయింది. పాత ఫోమ్ అవశేషాలను ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక కొత్త పట్టీలు పాత వాటి అచ్చుప్రకారమే అంటించాను. పాత జిగురు మీద కొత్త జిగురు నిలవదు, ఈ తుడవడంలో బద్ధకం పనికిరాదు.

మళ్లీ పసుపు అద్ది, మళ్లీ ఐదు తకధిములు కొట్టాను. పలక అడుగు శుభ్రంగా, నల్లగా ఉంది.

ఎర్రది మధ్యలో 100, వేగంలో 98, అంచున 92. ఎర్రది కొడితే పసుపు పడటం సున్నా. పసుపు కొడితే ఎర్రది పడటం ఒక్కసారి. పసుపు ప్యాడ్ కింద కూడా ఫోమ్ 3 మిల్లీమీటర్లకు దిగిపోయి ఉంటే దాన్ని కూడా మార్చాను, ఆ ఒక్కటీ పోయింది. బోర్డు ముట్టుకోలేదు, ఇంకే బిళ్లా మార్చలేదు.

పెడల్

పెడల్ కథ చిన్నది. ఇందులో పైజో బిళ్ల లేదు. పెడల్ అడుగున అయస్కాంతం, దాని కింద పీఠంలో ఒక రీడ్ స్విచ్ ఉన్నాయి. సన్నటి గాజు గొట్టంలో రెండు ఇనుప రేకులు, అయస్కాంతం దగ్గరికి రాగానే అవి కలుస్తాయి. వైరు 3.5 మిల్లీమీటర్ల ప్లగ్‌తో సెట్‌కు తగులుతుంది. పెడల్‌ను విప్పకముందే తప్పు ఎటువైపుందో తేల్చే సులువు ఒకటుంది. పాత ఆడియో వైరు ఒకటి అదే రంధ్రంలో పెట్టి, రెండో కొసన రెండు తీగలను చేత్తో టక్కున కలిపి విడదీయాలి. యాభైసార్లు చేస్తే లెక్క యాభై వచ్చింది. బోర్డు, రంధ్రం బాగున్నాయి. తప్పు పెడల్‌లోనే ఉంది.

రీడ్ స్విచ్ కలవడానికి అయస్కాంతం బాగా దగ్గరికి రావాలి. కలిశాక విడిపోవాలంటే ఇంకా కొంచెం ఎక్కువ దూరం పోవాలి. ఈ తేడా ఉండబట్టే ఒక తొక్కుకు ఒక లెక్క వస్తుంది. ఇక్కడ గ్యారేజీ వేడికి అయస్కాంతం జిగురు మెత్తబడి అది 3 మిల్లీమీటర్లు పక్కకు జారింది. అది మొదట ఉన్న చోట జిగురు మచ్చ ఇంకా కనిపిస్తోంది. పెడల్ పూర్తిగా తొక్కినా అయస్కాంతం హద్దు మీదే ఉంటోంది. దానికి తోడు అడుగున పెడల్ ఆనే రబ్బరు ముక్క ఊడిపోయింది. ప్లాస్టిక్ ప్లాస్టిక్‌కు తగిలి పెడల్ ఎగురుతోంది, ఆ ఎగురుడు ఇంకో తొక్కుగా లెక్కకు వస్తోంది. అయస్కాంతాన్ని మచ్చ మీదికి జరిపి ఎపాక్సీతో అతికించాను. రబ్బరు ముక్క చోట కుర్చీ కాళ్ల కింద అంటించే ఫెల్ట్ బిళ్ల పెట్టాను. యాభై తొక్కులు, యాభై లెక్క. గాజు గొట్టాన్ని ముట్టుకునే పని పడలేదు, అదొక అదృష్టం. దాని కాళ్లు వంచాల్సి వస్తే గాజుకూ వంపుకూ మధ్య పట్టకారుతో పట్టుకుని వంచాలి, లేకపోతే గాజు మొదట్లోనే చిట్లుతుంది.

చేయకుండా వదిలేసినవి

ఎర్ర ప్యాడ్ రబ్బరు మధ్యలో పుల్లలు పడ్డ చోట నునుపుదేరి, చిన్న గుంట పడి ఉంది. పైన ఒక పలచటి రబ్బరు షీట్ అతికిస్తే చప్పుడు కూడా తగ్గుతుంది. పడుకునే గదుల కింద వాయించేవాళ్లకు అది చిన్న విషయం కాదు. షీట్ అతికించకుండా ఊరికే పైన పరిచి అమ్మాయితో వాయించి చూపించమన్నాను. నాలుగు దరువులు వాయించి పుల్లలు కింద పెట్టేసింది.

"పుల్ల తిరిగి రావడం మారిపోయింది అంకుల్. చెయ్యి వెతుక్కుంటోంది."

వాయించే చేతికి తెలిసినది మీటర్‌కు తెలియదు. షీట్ తీసేశాను.

ఆకుపచ్చ ప్యాడ్‌లో 94 అంకెను కూడా అలాగే వదిలేశాను. అక్కడ ఫోమ్ బాగుంది, బిళ్ల బాగుంది, తప్పిన ఆరూ నేను కావాలని చాలా మెల్లగా కొట్టినవి. బాగా ఉన్న ప్యాడ్‌ను మెరుగుపరుద్దామని విప్పడం నాకు నచ్చదు. పదిహేడేళ్ల ప్లాస్టిక్ స్క్రూ రంధ్రాలు విప్పి బిగించిన ప్రతిసారీ కొంత అరుగుతాయి. స్క్రూను ముందు వెనక్కి తిప్పి, పాత గాడిలో పడ్డట్టు టక్కుమన్నాక మాత్రమే ముందుకు బిగించాలి. లేకపోతే కొత్త గాడి కోసుకుని ఆ రంధ్రం పాడవుతుంది.

నీలం ప్యాడ్ మాత్రం నా మనసులో మెదులుతూనే ఉంది. కొలత 17, మిగతావాటికన్నా తక్కువ. దాని కింద ఫోమ్ 4 మిల్లీమీటర్లు. పసుపు అద్ది చూస్తే మామూలు దెబ్బకు గీత పడలేదు, బాగా గట్టి దెబ్బకు ఒక చుక్క మాత్రం పడింది. ఆ రోజు దాన్ని కూడా మార్చి ఉండాల్సిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నాను. కొన్న ఫోమ్ రెండు ప్యాడ్లకే సరిపోయింది, తను మర్నాడే కాలేజీకి బయలుదేరుతోంది. అప్పటికి 98 పలుకుతున్న ప్యాడ్ కదా అని బిగించి ఇచ్చాను. మొత్తం ఖర్చు 23 డాలర్లు, నా సమయం తొమ్మిది గంటల దాకా.

తను సెట్టును హాస్టల్‌కు తీసుకెళ్లింది, గ్యారేజీ అటకకు మళ్లీ ఎక్కించలేదు. లెక్కపెట్టే ప్రోగ్రామ్‌ను కూడా ఇచ్చి, నెలకోసారి తకధిమి పరీక్ష చేసి అంకెలు పంపమని అడిగాను. మృదంగం తెలియని అమ్మాయే అయినా రెండు నిమిషాల్లో పట్టుకుంది. మూడు నెలల అంకెలు వచ్చాయి. ఎర్రది 100, 99, 100. పెడల్ ప్రతిసారీ 50. నీలం 98, 96, 91.

డిసెంబర్ సెలవులకు వస్తూ సెట్టును వెంట తెస్తానంది. నీలం ప్యాడ్‌కు 6 మిల్లీమీటర్ల పట్టీలు కోసి, కొలిచిన బిళ్ల ఒకటి కాగితంలో చుట్టి, రెండూ కలిపి సొరుగులో పెట్టాను.